షుగర్ పడిపోవడం గురించి కూడా కాస్త రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఆదివారం వచ్చే మీ ఆరోగ్యం పేజీ మా ఇంట్లో ముందు మా ఆవిడే చదువుతుంది, చదివి కత్తిరించి ఫ్రిజ్ మీద అంటిస్తుంది, ఇప్పుడు ఆ తలుపు మీద ఖాళీయే లేదు. కాకరకాయ రసం, నానబెట్టిన మెంతులు, చోడంబలి, అన్నం తిన్నాక నడక, పాదాలు ఎలా చూసుకోవాలి, అన్నీ ఉన్నాయి. వద్దనట్లేదు, మంచివే. కాకపోతే అన్నీ షుగర్ ఎలా తగ్గించుకోవాలి అనేవే, తగ్గీ తగ్గీ మరీ కిందికి పడిపోతే ఏం చెయ్యాలి అన్న ముక్క ఒక్కటీ ఆ తలుపు మీద లేదు. నాలుగేళ్ళుగా మా ఇంట్లో మమ్మల్ని ఏడిపిస్తున్నది మాత్రం అదే.

నాకు 53 ఏళ్ళు, ఉండేది నరసన్నపేట, ఇన్సూరెన్స్ ఏజెంటుని. బండి మీద తిరగడమే నా పని, జలుమూరు, కోటబొమ్మాళి, టెక్కలి, ఒక్కోసారి పాతపట్నం దాకా. షుగర్ వచ్చి 14 ఏళ్ళయింది, పదేళ్ళు మాత్రలతో లాగించాను, తర్వాత పొద్దున రాత్రి ఇన్సులిన్ పెట్టారు, దానితో పాటు గ్లిమిపిరైడ్ మాత్ర కూడా.

ముందు రాజాంలో జరిగింది చెప్తాను, అది చెప్తేగానీ మిగతాది అర్థం కాదు. మా మేనల్లుడి పెళ్ళి, పగటి ముహూర్తం. పొద్దున ఎనిమిదింటికి ఇన్సులిన్ చేసుకుని రెండు ఇడ్లీ తిని బయల్దేరాను, అక్కడ ముహూర్తం అయ్యి భోజనాలు మొదలయ్యేసరికి రెండున్నర అవుతుందని నాకేం తెలుసు. ఒంటిగంటన్నర ప్రాంతంలో చెవుల వెనకనుంచి చెమట మొదలైంది, ఫ్యాన్ కిందే కూర్చున్నాను, అయినా చొక్కా వీపుకి అంటుకుపోయింది. చేతులు వణుకుతున్నాయి, ఎదురుగా మాట్లాడేవాళ్ళ మాట ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టు ఉంది. ఎవరో లడ్డూల పళ్ళెం పట్టుకుని పక్కనుంచి వెళ్తుంటే చెయ్యి పెట్టి ఒకటి తీసుకున్నాను. అంతే, మా బావమరిది ఎక్కడినుంచి చూశాడో ఒక్క గెంతు గెంతి నా చేతిలోది లాగేశాడు. "ఏటి బావా, షుగర్ పెట్టుకుని లడ్డూలా, అప్పకి చెప్పమన్నావేటి" అని అందరికీ వినపడేలా అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వాడు చెడ్డవాడని కాదండి, నా మీద ప్రేమతోనే చేశాడు. కానీ ఆ టైములో "నాకు షుగర్ పడిపోయింది" అన్న మూడు మాటలు నా నోట్లో కుదరలేదు. మాటలు తెలుసు, నాలుక దాకా రావట్లేదు, దాని బదులు ఒళ్ళంతా కోపం వచ్చేసింది. వాడి చెయ్యి తోసేశాను, పక్కన కుర్చీ పడిపోయింది, ఏదేదో తిట్టానట, అవి ఇక్కడ రాసేవి కావు. మా ఆవిడ పరిగెత్తుకొచ్చి బ్యాగులోంచి గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలిపి తాగించి, మీటర్ పెట్టి చూస్తే 52. పావుగంట ఇరవై నిమిషాల్లో నేను మామూలు మనిషినైపోయాను, కుర్చీ ఎవరు పడేశారు అని నేనే అడిగాను. కానీ పెళ్ళికొడుకు మేనమామ తాగొచ్చి గొడవ చేశాడు అన్న మాట రాజాం దాటి బొబ్బిలి దాకా వెళ్ళిపోయింది. నేను జీవితంలో చుక్క ముట్టలేదండి.

నిజానికి లడ్డూ కూడా సరైన మందు కాదు, ఇది తర్వాత తెలుసుకున్నాను. అందులో నెయ్యి ఉంటుంది, దానివల్ల తీపి ఒంటికి పట్టడం ఆలస్యమవుతుంది. షుగర్ 70 కంటే తగ్గితే తక్కువ కింద లెక్క, 54 కంటే తగ్గిందంటే మెదడుకే సరిపోక తేడా చేస్తుంది, ఇంకా పడిపోయి పక్కమనిషి సాయం లేకుండా లేవలేని స్థితి వస్తే అది ఎమర్జెన్సీ. 70 కంటే తగ్గగానే 15 గ్రాముల తీపి, అంటే సుమారు మూడు చెంచాల పంచదార గాని గ్లూకోజ్ పొడి గాని నీళ్ళలో కలుపుకుని తాగెయ్యాలి, 15 నిమిషాలు ఆగి మళ్ళీ చూసుకోవాలి, ఎక్కకపోతే మళ్ళీ అంతే తాగాలి, ఎక్కాక ఏదో ఒకటి తినాలి, లేకపోతే మళ్ళీ జారిపోతుంది. ఇంకోటి, భోజనంతో పాటు వాడే వోగ్లిబోస్, అకార్బోస్ అని మాత్రలు ఉన్నాయి, మనవైపు చాలామందికి రాస్తారు. అవి వేసుకునేవాళ్ళకి పంచదార, బెల్లం సరిగ్గా పనిచెయ్యవు, పంచదారని పేగులో విరగనివ్వకుండా ఆపడమే ఆ మాత్ర పని కదా, వాళ్ళకి గ్లూకోజే ఇవ్వాలి. పదేళ్ళు మాత్రలు మింగినవాణ్ణి, ఈ సంగతి నాకు ఒక్కరూ చెప్పలేదు, మందుల చీటీ వెనక ఒక్క లైను రాసినా సరిపోను.

రెండోది మడపాం దగ్గర. టెక్కలిలో ఒక పార్టీ ఇంటికి పొద్దున్నే వెళ్ళాను, టిఫిన్ చేసి వెళ్దురుగాని అన్నారు, సరే అని ఇన్సులిన్ చేసేసుకున్నాను (నాదే బుద్ధి తక్కువ, ప్లేటు ఎదురుగా పెట్టకుండా సూది గుచ్చుకోకూడదు), తీరా చూస్తే వాళ్ళింట్లో గ్యాస్ అయిపోయింది. మొహమాటానికి టీ తాగి, అదీ పంచదార లేకుండా, బయల్దేరిపోయాను. కోటబొమ్మాళి దాటినట్టు గుర్తుంది. తర్వాత గుర్తుంది మడపాం టోల్ గేటు. మధ్యలో మా ఊరు ఉంది సార్, నేను పుట్టి పెరిగిన ఊరు, ఆ మలుపు దాటి హైవే మీద అలా వెళ్ళిపోయాను, ఎలా తోలానో ఆ సూర్యభగవానుడికే తెలియాలి. రోడ్డు పక్కన బండి వాల్చి కూర్చుంటే ఇద్దరు కుర్రాళ్ళు "పొద్దున్నే ఏసీసినాడ్రా" అనుకుంటూ వెళ్ళడం వినపడింది, జవాబు చెప్పలేకపోయాను. కొబ్బరిబొండాలు అమ్ముకునే ఒకామె వచ్చి నా మొహం చూసి "బాబూ నీకు షుగరా, మాయనకీ ఇలాగే అవుతాది" అని తన టీలో వేసుకునే పంచదార పొట్లం నా నోట్లో పోసింది. చదువుకున్నవాళ్ళు ఇద్దరు వెళ్ళిపోయారు, ఆమె గుర్తుపట్టింది. ఆ రోజు నుంచి బండి ఎక్కేముందు మీటర్ పెట్టి చూసుకుంటాను, 90 కంటే తక్కువ ఉంటే ఏదైనా తిని ఎక్కేదాకా తాళం తియ్యను. ఒక్కో స్ట్రిప్ ఇరవై రూపాయల దగ్గర పడుతుంది, రోజుకి మూడంటే నెలకి ఎంతో మీరే లెక్క వేసుకోండి, నాకు కమిషన్ రాని నెల కూడా ఉంటుంది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, షుగర్ పడిపోవడం అంటే పావుగంట కళ్ళు తిరగడం, తీపి తింటే అయిపోవడం అనుకుంటారు జనం. పావుగంటతో అయిపోతే ఎవరికి బాధ. మిగతా ఇరవై మూడు గంటల ముప్పావు దాని భయంతోనే గడుస్తుంది.

రాత్రిళ్ళు తీసుకోండి. నిద్రలో పడిపోతే మనకి తెలీదు. పీడకలలు వస్తాయి, పక్క తడిసిపోతుంది, పొద్దున లేస్తే తల పగిలిపోతుంది, రాత్రి నిద్ర సరిపోలేదేమో అనుకుంటాం. ఒకసారి తెల్లవారుజామున మూడింటికి నేను గురక మారి వింత శబ్దం చేస్తుంటే మా ఆవిడ లేపితే లేవలేదట, దవడ బిగిసిపోయింది. తను నోట్లో పంచదార నీళ్ళు పొయ్యబోతే పక్కింటి నర్సమ్మ ఆపింది, స్పృహ లేని మనిషికి నోట్లో ఏదీ పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతే అదే ప్రాణం తీస్తుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేశారు, వాళ్ళొచ్చి నరానికి గ్లూకోజ్ ఎక్కించాక కళ్ళు తెరిచాను. ఇంట్లోనే ఆస్పత్రికి వెళ్ళనని మొండికేశాను గానీ తీసుకెళ్ళారు, అదే మంచిదైంది, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రల వల్ల పడిపోతే ఒకసారి గ్లూకోజ్ ఎక్కించినా కొన్ని గంటల తర్వాత మళ్ళీ పడిపోవచ్చట, ఒక రోజు దాకా కనిపెట్టుకుని ఉండాలట.

అప్పటినుంచి మా ఆవిడకి ఒక అలవాటైంది. రాత్రి రెండుసార్లు, ఎప్పుడు లేస్తుందో అలారం కూడా లేకుండా లేచి, చేతి వెనకవైపు నా మెడ మీద పెట్టి చూస్తుంది. తడిగా ఉందా పొడిగా ఉందా అని. పొడిగా ఉంటే దుప్పటి సర్ది పడుకుంటుంది. నేను నిద్ర పోతున్నాననుకుంటుంది గానీ చాలాసార్లు మెలకువగానే ఉంటాను, కదలను. మూడేళ్ళయింది తను తెల్లార్లూ నిద్రపోయి. పుట్టింటికి వెళ్తే ఒక్క రాత్రి ఉండదు. జబ్బు నాది, నిద్ర తనది పోయింది, ఈ లెక్క ఏ రిపోర్టులోనూ రాయరు.

ఇంకో విషయం. మొదట్లో 70 దగ్గరకి రాగానే చెమట, వణుకు, ఆకలి, గుండె దడ తెలిసేవి, అవి ఒళ్ళు కొట్టే గంట లాంటివి. పదేపదే పడిపోతుంటే ఆ గంట మోగడం మానేస్తుంది. నాకు 48 ఉన్నప్పుడు కూడా నవ్వుతూ కస్టమర్‌తో మాట్లాడుతున్నానట, ప్రీమియం లెక్క మాత్రం మూడుసార్లు తప్పు చెప్పాను. బీపీకి గుండెకి ఇచ్చే మెటోప్రోలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకి వణుకు, దడ సరిగ్గా తెలియవు, చెమటే ముఖ్యమైన గుర్తు. మా ఇంట్లో ఇప్పుడు నా గంట మా చిన్నమ్మాయి. నేను కారణం లేకుండా చిరాకు పడితే ముందు గ్లాసు తెచ్చి చేతిలో పెట్టి "తాగి తిట్టు నాన్నా" అంటుంది. ఒక్కోసారి నాకు నిజంగానే కోపం వచ్చి తిడతాను, అప్పుడూ గ్లాసే తెస్తుంది. ఇంట్లో మనిషికి న్యాయంగా కోపం తెచ్చుకునే హక్కు కూడా ఉండదన్నమాట.

ఇక భయం. భయంతో ఏం చేస్తామంటే పడుకునేముందు అవసరం లేకపోయినా నాలుగు బిస్కెట్లు తినేస్తాం, ఊరు వెళ్ళాలంటే ఒక పూట ఇన్సులిన్ ఎగ్గొట్టేస్తాం, షుగర్ 250 ఉంటే మనసు నిమ్మళంగా ఉంటుంది. అలా ఒక ఏడాదిలో ఏడు కిలోలు పెరిగాను. డాక్టర్‌కి చెప్పాలంటే సిగ్గు, తిడతారని. అప్పట్లో చూపించుకునే డాక్టర్ గారు మూడు నెలల షుగర్ సగటు చెప్పే టెస్టు (హెచ్‌బీఏ1సీ) 6.3 వచ్చిందని చూసి సూపర్ అన్నారు, చెయ్యి కలిపారు కూడా, ఎన్నిసార్లు పడిపోయింది అని అడగలేదు, నేనూ చెప్పలేదు. సగటు అంటే ఏముంది, 50, 220 కలిపి రెండుతో భాగిస్తే 135, చూడ్డానికి బంగారం.

తర్వాత వేరే డాక్టర్ గారి దగ్గరకి వెళ్తే ఆయన రిపోర్టు పక్కన పెట్టి మొదట అడిగిన మాట, "రాత్రి చెమట పట్టి లేస్తున్నారా?" మా ఆవిడ అక్కడే ఏడ్చేసింది. ఆయన గ్లిమిపిరైడ్ ఆపేశారు, రెండు పూటలా చేసుకునే మిక్స్ ఇన్సులిన్ మార్చి రోజంతా నిదానంగా పనిచేసేది ఒక్కపూట పెట్టారు, మీకు సగటు ఏడున్నర ఉన్నా నాకు అభ్యంతరం లేదు, ముందు కొన్ని వారాలు ఒక్కసారి కూడా పడిపోకుండా చూద్దాం అన్నారు. అలా చూసుకుంటే పోయిన గంట మళ్ళీ మోగుతుందని చెప్పారు, నేను నమ్మలేదు గానీ రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం 66 దగ్గర చేతులు వణికాయి. వణికినందుకు సంతోషపడ్డాను, మా ఆవిడకి ఫోన్ చేసి మరీ చెప్పాను.

ఇప్పుడు మన జిల్లా సంగతి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి మీ పేపర్ ఎన్నో రాసింది, అక్కడి జబ్బుకి చాలామందిలో షుగర్ కారణం కాదంటారు, అది వేరే చర్చ. కానీ షుగర్ ఉన్న మనిషికి కిడ్నీలు దెబ్బతింటే ఇన్సులిన్, కొన్ని మాత్రలు ఒంట్లోంచి త్వరగా బయటకి పోవు, పాత డోసే వాడుతుంటే షుగర్ పడిపోవడం మొదలవుతుంది. కవిటి దగ్గర మా చుట్టాలావిడ ఒకరు "నాకు షుగర్ నయమైపోనాది, మాత్ర సగానికి తగ్గించినా 80 దాటట్లేదు" అని ఊరంతా చెప్పుకున్నారు, మొక్కు తీర్చుకోడానికి అరసవిల్లి కూడా వెళ్ళొచ్చారు. కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూసేసరికి ఆలస్యమైపోయింది. కాబట్టి ఏళ్ళ తరబడి షుగర్ ఉన్నవాళ్ళకి మందు మార్చకుండా, తిండి మార్చకుండా ఉన్నట్టుండి షుగర్ తగ్గిపోతుంటే స్వీట్లు పంచుకోకండి, కిడ్నీ టెస్టు చేయించుకోండి. ఇది మీరు పెద్ద అక్షరాల్లో వెయ్యాల్సిన విషయం.

ఉపాధి హామీ పనికి వెళ్ళేవాళ్ళ సంగతి కూడా. ఎండాకాలం పొద్దున్నే మొదలవుతుంది, మాత్ర వేసుకుని ఏమీ తినకుండా పార పట్టుకుంటారు, పది తర్వాత వచ్చి గంజి తాగుదామని. కష్టం చేస్తే ఒళ్ళు చక్కెర ఎక్కువ వాడుకుంటుంది, కడుపులో ఏమీ లేదు, మాత్ర తన పని తను చేసుకుపోతుంది. పడిపోతే వడదెబ్బ అంటారు. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండే ఆడవాళ్ళదీ అదే కథ, మాత్ర మానకూడదని వేసుకుంటారు, తినకూడదని తినరు. సాయంత్రం ఖాళీ కడుపున తాగేవాళ్ళు మరీ, లివరు చక్కెర విడుదల చెయ్యడం తగ్గిపోతుంది, షుగర్ పడి రోడ్డు పక్కన పడిపోతే తాగి పడిపోయాడనే అంటారు, తాగిందీ నిజమే కాబట్టి ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

ఇన్సులిన్ సీసా కొనేటప్పుడు సూది కూడా చూసుకోమని రాయండి. మనకి మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే రకం, 100 యూనిట్లుండే రకం రెండూ దొరుకుతాయి, దేని సూది దానికే, 40 సూదికి ఎర్ర మూత, 100 సూదికి నారింజ మూత. మా వీధిలో పెద్దాయనకి మందుల షాపులో 100 ఇన్సులిన్ ఇచ్చి 40 సూది చేతిలో పెట్టారు, ఆయన పది గీత దాకా లాగితే పది యూనిట్లు అనుకున్నారు, ఒంట్లోకి వెళ్ళింది 25. అదృష్టం బాగుండి పగటిపూట జరిగింది కాబట్టి బతికి బట్టకట్టారు.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్లు దాటారు. అందరికీ పడిపోదు, ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవాళ్ళకి ఈ బాధ చాలా అరుదు, వాళ్ళు ఈ ఉత్తరం చదివి భయపడి మందు మానెయ్యొద్దు, ఆ పాపం నాకొద్దు. ఇన్సులిన్ వాడేవాళ్ళు, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ వాడేవాళ్ళు, వాళ్ళతో ఒక ఇంట్లో ఉండేవాళ్ళు తెలుసుకోవాలి. గ్లిబెన్‌క్లమైడ్ అయితే వయసు మళ్ళినవాళ్ళకి, కిడ్నీ బాగోలేనివాళ్ళకి మరీ ప్రమాదం, ఇంట్లో పాత చీటీ మీద అదే ఇంకా నడుస్తుంటే ఒకసారి డాక్టర్‌కి చూపించండి. చెయ్యికి అంటించుకుంటే షుగర్ ఎంతుందో అలారం కొట్టి చెప్పే సెన్సార్లు వచ్చాయి, చాలా మంచివంటారు, రెండు వారాలకి ఒకటి మార్చాలి, ఆ ఖర్చు మాలాంటివాళ్ళకి అందేది కాదు. మా ఇంట్లో సెన్సార్ మా ఆవిడ చెయ్యే.

మీరు ఆ ఆరోగ్యం పేజీలో అరచెయ్యంత డబ్బా ఒకటి వేస్తే చాలు. చెమట, వణుకు, తికమక మాటలు కనిపిస్తే తాగాడనుకోకుండా జేబు చూడండి అని, స్పృహ ఉంటే గ్లూకోజ్ ఇవ్వండి, లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా 108 అని. నా జేబులో ఇప్పుడు ఎప్పుడూ గ్లూకోజ్ పొట్లం, "నాకు షుగర్ ఉంది, ఇన్సులిన్ వాడతాను" అని రాసిన కార్డు ఉంటాయి, కార్డు మీద మా ఆవిడ ఫోన్ నంబరు.

మా బావమరిది కూడా మీ పేపరే చదువుతాడు, మొహం మీద చెప్తే నొచ్చుకుంటాడని ఇక్కడ రాస్తున్నాను. వచ్చే నెల చీపురుపల్లిలో వాళ్ళ గృహప్రవేశం, మేము ఇద్దరం వస్తున్నాం. నా చేతిలో ఏదైనా తీపి కనిపిస్తే, ముందు నా మెడ మీద చెయ్యి పెట్టి చూడమనండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా.